పెంపుడు కుక్కకు పాదశుద్ధి

బయటినుండి వచ్చినవారు కాళ్ళు కడుగుకొనకుండ లోనికి అడుగు పెట్టరాదను నియమము మన తెలుగిండ్లలో తరతరములుగ వచ్చుచున్నది. వాకిట నీళ్ళతొట్టి, దానిపై చెంబు, గడపకు ముందు గోనెపట్ట: ఇవి చూడగనే ఆ యింటివారి నడవడి తెలిసిపోవును. బడినుండి వచ్చిన పిల్లవాడు మడమలు తడియకుండ లోనికి జొరబడినచో అవ్వ కేకవేయును. అయితే ఆ పిల్లవానితో పాటు వీధులన్నియు తిరిగివచ్చిన కుక్క విషయమున ఈ నియమము మనకు జ్ఞప్తికి రాదు. అది నాలుగు కాళ్ళతో తిన్నగ కూడములోనికి వచ్చి, పిల్లలు కూర్చుండి చదువుకొను చాపమీదనే పండుకొనును. నేలమీద బురద ముద్రలు కనబడిన పిదప మాత్రము మన చేతికి కర్ర వచ్చును.

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములందు కుక్కను పెంచు తెలుగు కుటుంబములు నేడు అనేకములు. పొలము కాపలాకు నాటుకుక్కను పెంచువారు కొందరు, ముచ్చటకు పొమరేనియనును, లాబ్రడారును తెచ్చుకొన్నవారు మరికొందరు. ఉదయ సాయంకాలములందు దానిని త్రిప్పుకొనివచ్చు పని పెక్కిండ్లలో మన పాఠశాల పిల్లలదే. కావున ఈ విషయము తల్లిదండ్రులతో ముచ్చటించుట అప్రస్తుతము కాదని తలచెదను.

మహాభారత కథ ఆరంభముననే ఒక కుక్కపిల్ల కలదు. జనమేజయుని యజ్ఞశాలకు ఆడుకొనుచు వచ్చిన సరమ కొడుకును రాజు తమ్ములు కొట్టి తరిమిరి. తప్పు చేయని నా బిడ్డ నేల కొట్టితిరని ఆ తల్లి రాజసభకు వచ్చి అడిగెను. రాజునొద్ద సమాధానము లేకపోయెను. బురదకాళ్ళతో వచ్చినందుకు కుక్కను కొట్టు మన యొద్దను ఆ ప్రశ్నకు సమాధానము లేదు. దానికి చెంబు పట్టుకొనుట రాదు, మనకు వచ్చును.

ఈ వ్యాసకర్తయు ఆ తప్పు చేసినవాడే. ఒకనాటి సాయంకాలము మా కుక్క నడచి వచ్చి, ఎంత పిలిచినను లేవక, ఒక కాలు నాకుకొనుచు పడమటింటి గడపలోనే కూర్చుండెను. గచ్చునేల యంతయు మురికియైనదని దానిని గద్దించి, ఒక దెబ్బయు వేసితిని. రెండు దినముల పిదప ఆ పాదము వాచెను. పశువైద్యుడు వ్రేళ్ళ నడుమనుండి విరిగిన పల్లేరుముల్లు తీసెను. పుండు మానుటకు మూడు వారములు పట్టెను. నాటి సాయంకాలమే అయిదు నిమిషములు కూర్చుండి పాదము చూచియుండినచో దానికి నొప్పియు, మాకు ఖర్చును తప్పియుండెడివి. నడక పిమ్మట కుక్కను కడుగుట నేలకొరకు చేయు పని యని నేనంతవరకు అనుకొనియుంటిని. అది ముఖ్యముగ చూపు పని. నీళ్ళు పిమ్మటి మాట.

పాదము ఎట్టిది?

కుక్క పాదము క్రింద ప్రతి వ్రేలికి ఒక మెత్త, వాని వెనుక నడుమ ఒక పెద్ద మెత్త, ముందుకాళ్ళకు మణికట్టు వెనుక మరియొక చిన్న మెత్త యుండును. మెత్తల చర్మము దళసరి. దాని లోపల క్రొవ్వు నిండియుండుటచే నడకలోని అదురు కాళ్ళకు సోకదు. కాని వ్రేళ్ళ నడుమ నుండు చర్మము చాల పలుచన. ముల్లు దిగునది, తడి నిలుచునది, పురుగు దాగునది అచ్చటనే. కుక్కకు చెమట పట్టు గ్రంథులు ముఖ్యముగ పాదములందే కలవు. కావున ఆ సందులు సహజముగనే చెమ్మగ నుండును. ముందుకాళ్ళ లోపలి ప్రక్క, నేలకు తగులని ఐదవ గోరు ఒకటి కలదు. నేల తగులకపోవుటచే అది అరుగక పెరిగి, వంగి, ఒక్కొకప్పుడు చర్మములోనికే గ్రుచ్చుకొనును. దానిని పెక్కుమంది చూడనే చూడరు.

మరియొక సంగతి గమనింపవలెను. కుక్క ఇంటికి రాగానే తన పాదములను నాకుకొనును. కావున పాదమున కంటినది కొంత సేపటికి దాని కడుపులోనికి పోవునది యని యెంచవలెను.

వీధినుండి వెంట వచ్చునవి

మన ప్రాంతమున ముందుగ చెప్పవలసినది ముండ్ల సంగతి. పొలము గట్లమీద పల్లేరు, చెరువుల యంచులందును బీళ్ళలోను సర్కారు తుమ్మ విరివిగ నున్నవి. తిరుత్తణిలో ఆడికృత్తిక వంటి ఉత్సవముల మరునాడు వీధులలో పగిలిన టెంకాయ చిప్పలు, గాజు పెంకులు అడుగడుగున నుండును. వీనిలో ఏది గ్రుచ్చుకొన్నను కుక్క చెప్పలేదు. కుంటును, లేదా నాకుకొనును.

రెండవది నిలువనీరు. వరి, చెరకు పొలములున్న చోట ఎలుకలుండును. ఎలుక మూత్రముతో కలుషితమైన నీటిలో లెప్టోస్పైరోసిస్ అను వ్యాధిని కలిగించు సూక్ష్మజీవులుండవచ్చును. పగిలిన చర్మముగుండ, నాని మెత్తబడిన చర్మముగుండ, నోటిగుండ అవి శరీరమున ప్రవేశించి కాలేయమును, మూత్రపిండములను చెరుచును. ఈ వ్యాధి కుక్కకును వచ్చును, మనుష్యునకును వచ్చును. రోగము సోకిన కుక్క మూత్రమువలన ఇంటివారికి సంక్రమింపను వచ్చును.

మూడవది కడుపులోని పురుగుల గ్రుడ్లు, పిల్లపురుగులు. వీధికుక్కల మలమున నుండు కొంకిపురుగుల గ్రుడ్లు తడి యిసుకలో పొదిగి, అందుండి వెడలు సన్నని పురుగులు ఉత్త కాళ్ళతో ఆడు పిల్లల చర్మములో దూరును. చర్మముక్రింద ఎర్రని గీతవలె ప్రాకుచు దురద పెట్టు రోగము ఇట్టిదే. ఏలికపాము జాతి పురుగుల గ్రుడ్లు నేలలో కొన్ని వారములుండి పక్వమైన పిదపనే హానిచేయును. పసిపిల్లలు వానిని మ్రింగినచో, ఆ పురుగులు కాలేయమునకును, అరుదుగ కంటికిని చేరును. అట్టి మన్ను కుక్కపాదముల వెంట చాపమీదికి రాకుండ చూచుట మన చేతిలోనిదే.

నాలుగవది గోమారి. మన పిల్లలు దీనిని తమిళమున ఉణ్ణి యనుచుందురు. ఇది కుక్క చెవుల లోపల, మెడపట్టెడ క్రింద, చంకలలో, వ్రేళ్ళ నడుమ పట్టుకొని రక్తము పీల్చును. పీల్చి ఉబ్బిన ఆడు గోమారి క్రిందికి రాలి, గోడ పగుళ్ళలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. దీనివలన కుక్కలకు ఎర్లిఖియా, బబీసియా యను జ్వరములు వచ్చును. తిండి మానుట, జ్వరము, చిగుళ్ళు తెల్లబారుట, ముక్కునుండి రక్తము కారుట వాని లక్షణములు. ఆలసించినచో ప్రాణాపాయము. మనుష్యులకును గోమారి కాటువలన కొన్ని జ్వరములు వచ్చుట కలదు.

ఐదవది విషపదార్థములు. క్రొత్తగ పురుగుమందు చల్లిన పొలములో నడచిన కుక్క ఆ మందును పాదములనుండి నాకి మ్రింగును. క్రొత్త రోడ్డుమీది తారు మెత్తలకంటి గట్టిపడును.

చేయవలసిన విధము

దీనికి గొప్ప సాధనములేవియు నక్కరలేదు. గోరువెచ్చని నీళ్ళు, వెడల్పు మూతిగల ఒక పాత్ర, పాత పంచెగుడ్డలు రెండు, ఒక దువ్వెన, ముల్లు తీయు చిన్న పట్టకారు, మంచి వెలుతురు: ఇవి చాలును. ఈ వస్తువులు కుక్కకు మాత్రమే వాడవలెను. వాకిటనే ఒక మూల నుంచవలెను. లోపల నుంచినచో వానికై కుక్క కూడ లోనికి వచ్చును.

మొదట, పాదములు తడుపకమునుపే చూడవలెను. తడిసిన పిదప ముల్లు కనబడదు. ఒక్కొక్క పాదము పట్టుకొని, వ్రేళ్ళను మెల్లగ విడదీసి, మెత్తలను, గోళ్ళను, ఐదవ గోటిని పరీక్షింపవలెను. ముల్లున్నచో అది దిగిన దిశలోనే వెనుకకు లాగవలెను. లోతుగ దిగినదానిని, లోపల విరిగినదానిని కెలుకరాదు, పశువైద్యునకు చూపవలెను.

గోమారి కనబడినచో పట్టకారుతో దాని తలకు దగ్గరగ, చర్మమును ఆనుకొని పట్టి, త్రిప్పక తిన్నగ లాగవలెను. చేతి గోళ్ళతో నలుపరాదు, అగ్గిపుల్లతో కాల్చరాదు. తీసినదానిని సబ్బునీటిలో గాని స్పిరిటులో గాని వేయవలెను. ఆ చోటును, మన చేతులను సబ్బుతో కడుగవలెను.

పిమ్మట కడుగుట. ఉత్త దుమ్మే అయినచో తడిగుడ్డతో తుడిచిన చాలును. బురదయైనచో ఒక్కొక్క పాదమును పాత్రలోని నీటిలో ముంచి, వ్రేళ్ళ సందులు మన వ్రేళ్ళతో కడిగి, నీరు మురికియైనంతనే మార్చవలెను. దినదినము సబ్బు అక్కరలేదు. పురుగుమందు, మురుగు, నూనె అంటినప్పుడు కుక్కలకై చేసిన షాంపూ కొలదిగ వాడి, జిగురు పోవువరకు కడుగవలెను. మన సబ్బు కుక్క చర్మమును ఎండబార్చును. తారు అంటినచో కొబ్బరినూనెగాని వేరుసెనగ నూనెగాని పూసి, మెత్తబడనిచ్చి, గుడ్డతో తుడిచి, పిదప కడుగవలెను.

అన్నిటికంటె ముఖ్యము ఆరబెట్టుట. పెక్కుమంది కడుగుదురు, ఆరబెట్టువారు తక్కువ. వ్రేళ్ళ నడుమ తడి నిలిచినచో అచ్చట బూజు జాతి క్రిములు పెరిగి, చర్మము ఎర్రబారి, దుర్వాసన కొట్టును. కుక్క విడువక నాకుకొనును. సరిగ ఆరబెట్టని కడుగుటకంటె పొడిగుడ్డతో తుడుచుటయే మేలు. కావున ప్రతి సందులోను గుడ్డ పోనిచ్చి అద్దవలెను.

తరువాత ఒడలి వంతు. రెండవ గుడ్డను తడిపి పిండి, వెంట్రుకలు వాలిన దిక్కుననే మెడనుండి తోకవరకు తుడువవలెను; కడుపు క్రిందను, తొడల నడుమను మరువరాదు. పొట్టి వెంట్రుకల రాజపాళెము జాతికి, నాటుకుక్కకు ఇది చాలును. పొమరేనియను వంటి గుబురు వెంట్రుకల దానికి తడిబురదను తుడిచినచో అది లోపలి మెత్తని వెంట్రుకలకు ప్రాకును. దానిని వాకిటనే ఆరనిచ్చి, దువ్వెనతో రాల్చుట మంచిది. దువ్వునప్పుడు చేతిని కూడ వెంట పోనిచ్చినచో గడ్డలు, పుండ్లు, గోమార్లు వ్రేళ్ళకు తగులును. ప్రతిదినము పూర్తిగ స్నానము చేయించుట మంచిది కాదు. చర్మమునందలి సహజమైన జిడ్డు పోయి దురద పుట్టును.

ఈ పని యంతయు ముగిసిన పిదప కుక్కకు ఒక బిస్కెట్టు ముక్కయో, రొట్టె ముక్కయో పెట్టవలెను. పదునైదు దినములలో అది తనంతట తానే వాకిట నిలిచి కాలు చాచును. కుక్కపిల్ల దశలోనే ప్రతిదినము పాదములు తాకుచుండినచో పెద్దదైన పిదప కష్టముండదు.

ఋతువులనుబట్టి

వేసవిలో తమిళనాడునందలి మిక్కిలి వేడి నమోదగు కేంద్రములలో తిరుత్తణి యొకటి. పగలు 40 డిగ్రీలు దాటుట ఇచ్చట వింత కాదు. మే 4వ తేదీ మొదలు 28వ తేదీ వరకు వచ్చు కర్తరి దినములలో చెన్నై తిరుపతి రహదారి వంటి తారురోడ్డు గాలికంటె ఎంతో ఎక్కువగ మండుచుండును. మన చేతి వెనుకభాగమును రోడ్డుమీద నుంచి ఏడు క్షణములు ఓర్వలేకపోయినచో అచ్చట కుక్కను నడిపింపరాదు. ప్రొద్దు పొడువకమునుపు, చీకటి పడిన పిదప త్రిప్పవలెను. మెత్తలు కాలినచో చల్లని, మంచువలె గడ్డకట్టని నీటితో చల్లార్చి, వెంటనే వైద్యునకు చూపవలెను.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చు ఈశాన్య ఋతుపవనమున మన వీధులు మడుగులగును. 2015 డిసెంబరు వరదలను, 2023 డిసెంబరునాటి మిచాంగ్ తుఫానును చూచినవారికి ఆ నీటిలో ఏమేమి కలియునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ దినములలో నడక తగ్గించి, నిలువనీటిలో దింపక, వచ్చిన వెంటనే కడిగి ఆరబెట్టుట తప్పనిసరి.

చేయరాని పనులు

గోమార్లు పోవునని కిరసనాయిలు పూయుట, ఫినాయిలు కలిపిన నీటితో కడుగుట, బ్లీచింగు పౌడరు చల్లుట, బట్టల సోడాపొడి వాడుట: ఇవి చర్మమును కాల్చును, నాకినచో విషము. కర్పూరము కలిపిన నూనెయు కుక్కకు విషమే. గోమార్లకు పశువైద్యుడు తూకమునుబట్టి ఇచ్చు మందు కలదు. పశువులకు వాడు మందును కొలత లేక కుక్కకు పూయరాదు.

ఇది చాలని చోటు

శుభ్రముగ నున్న కుక్కకు రాబిస్ రాదనుట భ్రమ. రాబిస్ మురికివలన వచ్చునది కాదు. ఆ రోగమున్న జంతువు చొంగవలన, కాటుగుండ, గీరుగుండ వచ్చును. ఎంత కడిగినను టీకాకు బదులు కాదు. కుక్కపిల్లకు మూడు నెలల వయస్సున మొదటి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను. నడకలో మరియొక కుక్క కరచినదేమో యను అనుమానము తీరునది ఈ పరీక్షలోనే. ఆ గాయమును చేతికి తొడుగు లేక తాకరాదు.

పిల్లవానిని ఏ కుక్క కరచినను, గీరినను, పుండుమీద నాకినను, ఆ చోటును సబ్బుతో, ధారగ పడు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆనాడే వైద్యశాలకు తీసికొనిపోవలెను. పసుపు, సున్నము, కారము అద్దరాదు. 1907లో కూనూరున పాశ్చర్ సంస్థ ఏర్పడిన కాలమున కుక్కకాటు తగిలినవారు అంత దూరము పోవలసివచ్చెడిది. కడుపుమీద సూదులు పొడిపించుకొనవలసివచ్చెడిది. నేడు ప్రభుత్వ వైద్యశాలలోనే చేతికి వేయు టీకా ఉచితముగ లభించుచున్నది. చికిత్స భయముచే పిల్లలు కాటును దాచరాదని వారికి నచ్చజెప్పవలెను. లక్షణములు కనబడిన పిదప ఈ వ్యాధికి మందు లేదు.

పిల్లలకు అప్పగించునప్పుడు

ఈ పని పిల్లలకు నేర్పదగినదే. కాని పెద్దలు దగ్గర నుండవలెను. నొప్పితో నున్న కుక్క, ఎంత చనవుగలదైనను, కరవవచ్చును. పని ముగిసినంతనే పిల్లలు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. చేతికి పుండున్నవారు ఆనాడు గుడ్డ ముట్టరాదు.

కుక్కను కొట్టరాదనుట దయకు మాత్రమే సంబంధించిన మాట కాదు. 1952లో రాజ్యసభ సభ్యురాలైన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసను అరికట్టుటకై ఆ సభలో ఒక బిల్లును ప్రవేశపెట్టిరి. ఆ కాలమున సభాధ్యక్షులు మన తిరుత్తణిలో జన్మించిన డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ప్రభుత్వమే సమగ్రమైన చట్టము తెచ్చునని నాటి ప్రధాని హామీ యిచ్చుటచే ఆమె తన బిల్లును ఉపసంహరించుకొనిరి. ఆ చట్టము 1960లో వచ్చెను. తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినదియు ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీననే. జంతువును కొట్టుట, తన్నుట, బాధించుట ఆ చట్టము ప్రకారము నేరము. పెంచువాడు దాని క్షేమమునకు తగిన శ్రద్ధ వహించుట విధి.

వాకిటి ఈ అయిదు నిమిషములలో మన పిల్లలకు మరియొక లాభమును కలదు. నెరింజి యని వీధిలో వినిన ముల్లు మన యింట పల్లేరని, ఉణ్ణి యని వినినది గోమారి యని అవ్వ నోట వినుట పుస్తకమునకంటె గట్టిగ నిలుచును. రెండు మాటలును తెలిసిన బిడ్డ పశువైద్యునితో తమిళమునను, తాతతో తెలుగునను కుక్క బాధను చెప్పగలడు. నోరు లేని దాని పక్షమున మాటలాడుటకు ఎన్ని మాటలు తెలిసిన అంత మేలు.

తల్లిదండ్రులు నేటి సాయంకాలమే వాకిటి తొట్టి ప్రక్క ఒక పాత గుడ్డ నుంచి చూతురుగాక. పిల్లవాడు తన కాళ్ళు కడుగుకొన్న చెంబు క్రింద పెట్టకమునుపే, వెంట వచ్చిన దాని కాళ్ళును చూచి లోనికి తీసికొనివచ్చినచో, అవ్వకు కేకవేయు పని యుండదు. కర్రకు పని అసలే యుండదు.